స్ప్రింగు విరిగిన కారు తరలింపు

స్ప్రింగు విరిగిన కారు తరలింపు అనగా, చక్రం వద్ద బరువును మోసే సస్పెన్షన్ స్ప్రింగు విరిగిన కారును మనుషులకు అపాయం కలుగకుండా, వాహనానికి మరింత నష్టం జరగకుండా మరమ్మతు స్థలానికి చేర్చడం. ఇంజను ఆగిపోయిన కారు ఎలాగూ కదలదు గనుక దానిని వేరొక వాహనంతో తీసుకుపోక తప్పదు. స్ప్రింగు విరిగిన కారు విషయం అలా కాదు. ఇంజను నడుస్తుంది, గేర్లు పడతాయి, బ్రేకులు పట్టుకుంటాయి. అందువలన చాలామంది చోదకులు దానిని మెల్లగా నడుపుకుంటూ పోవచ్చునని భావిస్తారు. కాని విరిగిన ఉక్కు మొన టైరుకు అతి సమీపంలో ఉంటుంది. అది ఎప్పుడు జారి టైరును చీలుస్తుందో ముందుగా చెప్పడం సాధ్యం కాదు. కదలగల కారు వేరు, నడపదగిన కారు వేరు అన్నది ఈ విషయంలో ప్రధాన సూత్రం. ఇటువంటి కారును నాలుగు చక్రాలూ నేలను తాకకుండా, చదునైన వేదిక గల లారీపై ఎక్కించి తీసుకుపోవడం అన్నిటికంటె సురక్షితమైన పద్ధతి.

## సస్పెన్షన్‌లో స్ప్రింగు పాత్ర

కారు బాడీకి, చక్రాలకు మధ్య ఉండే అమరికను సస్పెన్షన్ అంటారు. ఇందులో ముఖ్యమైన భాగాలు రెండు. మొదటిది స్ప్రింగు. ఇది కారు బరువును మోస్తూ, రోడ్డు ఎత్తుపల్లాలకు అనుగుణంగా కుంచించుకొని తిరిగి సాగుతుంది. రెండవది షాక్ అబ్జార్బరు. ఇది స్ప్రింగు ఊగిసలాటను అదుపు చేస్తుంది. షాక్ అబ్జార్బరు పాడైతే కారు ఎక్కువగా ఊగుతుందే గాని కిందికి దిగదు. స్ప్రింగు విరిగితే మాత్రం ఆ మూల బరువు మోసే ఆధారమే దెబ్బతింటుంది.

నేటి కార్లలో ఎక్కువ భాగం చుట్ట స్ప్రింగులను వాడుతున్నాయి. సిలికాన్, క్రోమియం, మాంగనీసు వంటివి కలిపిన గట్టి ఉక్కు కడ్డీని చుట్టగా మలచి, ఉష్ణచర్య జరిపి, తుప్పు పట్టకుండా పైపూత వేసి వీటిని తయారు చేస్తారు. చిన్న, మధ్యతరహా కార్లలో ఈ కడ్డీ మందం సాధారణంగా 10 నుండి 15 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. లారీలు, జీపుల వంటి వాహనాలలో పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చిన కమానులు కనిపిస్తాయి.

ముందు చక్రాల వద్ద ఎక్కువ కార్లలో మెక్‌ఫర్సన్ స్ట్రట్ అనే అమరిక ఉంటుంది. ఇందులో షాక్ అబ్జార్బరు చుట్టూ స్ప్రింగు ఉంటుంది. స్ప్రింగు కింది కొన ఒక ఉక్కు పళ్ళెంలో కూర్చుంటుంది. ఈ పళ్ళెం చాలా కార్లలో టైరు లోపలి వైపుకు దగ్గరగా ఉంటుంది. స్ప్రింగు విరిగినప్పుడు ఎదురయ్యే ప్రధాన ప్రమాదానికి ఈ సామీప్యమే కారణం.

## చరిత్ర

స్ప్రింగు ఎంత బరువుకు ఎంత సాగుతుందో తెలిపే సూత్రాన్ని ఆంగ్ల శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించాడు. తొలినాటి మోటారు వాహనాలు గుర్రపు బండ్ల నుండి వచ్చిన కమానులనే వాడుకున్నాయి. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1934లో తన కార్ల ముందు చక్రాలకు చుట్ట స్ప్రింగులతో కూడిన స్వతంత్ర సస్పెన్షన్‌ను ప్రవేశపెట్టింది. ఎర్ల్ మెక్‌ఫర్సన్ రూపొందించిన స్ట్రట్ అమరిక 1950లో బ్రిటన్‌లో వెలువడిన ఫోర్డ్ కాన్సల్, జెఫిర్ కార్లతో వాడుకలోకి వచ్చింది.

భారతదేశంలో అంబాసిడర్ కారు చాలాకాలం ముందు చక్రాలకు మెలితిరిగే కడ్డీలను, వెనుక చక్రాలకు కమానులను వాడింది. ప్రీమియర్ పద్మినిలో ముందు చుట్ట స్ప్రింగులు, వెనుక కమానులు ఉండేవి. 1983లో వచ్చిన మారుతి 800తో మెక్‌ఫర్సన్ స్ట్రట్ సామాన్య కుటుంబాల కార్లలోకి ప్రవేశించింది. కమానులో ఒక పట్టీ విరిగినా మిగిలిన పట్టీలు కొంతవరకు బరువును పంచుకుంటాయి. చుట్ట స్ప్రింగులో ఉన్నది ఒకే కడ్డీ కనుక అటువంటి అవకాశం లేదు.

పాడైన వాహనాలను లాగే ప్రత్యేక వాహనాన్ని అమెరికాలోని టెనెసీ రాష్ట్రం, చట్టనూగా నగరానికి చెందిన ఎర్నెస్ట్ హోమ్స్ 1916లో తయారు చేశాడు. ఆ వృత్తికి సంబంధించిన ప్రదర్శనశాల నేటికీ అదే నగరంలో ఉంది.

## విరగడానికి కారణాలు

స్ప్రింగు ఒక్క గుంతలో పడినందువల్లనే విరిగినట్లు పైకి కనిపించినా, సాధారణంగా దాని వెనుక దీర్ఘకాలం సాగిన క్షయం ఉంటుంది.

* పైపూత దెబ్బతినడం: రోడ్డుపై నుండి ఎగిరిపడే కంకర రాళ్ళు స్ప్రింగు పైపూతను పెచ్చులుగా ఊడగొడతాయి. అక్కడ ఉక్కు గాలికి, నీటికి బయటపడుతుంది.
* తుప్పు: బయటపడిన చోట తుప్పు పట్టి సన్నని గుంటలు ఏర్పడతాయి. కింది పళ్ళెంలో మట్టి, నీరు నిలిచిపోవడం వల్ల చివరి చుట్టు ఎక్కువగా దెబ్బతింటుంది. అందుకే స్ప్రింగులు తరచుగా కింది కొన నుండి ఒకటి, ఒకటిన్నర చుట్ల లోపలే విరుగుతాయి.
* లోహపు అలసట: ప్రయాణంలో స్ప్రింగు లక్షల సార్లు కుంచించుకొని సాగుతుంది. తుప్పు గుంట వద్ద ఒత్తిడి కేంద్రీకృతమై పగులు మొదలై, ప్రతి కుదుపుకూ కొద్దికొద్దిగా లోపలికి పాకుతుంది. మిగిలిన మందం బరువును మోయలేని స్థితికి వచ్చినప్పుడు కడ్డీ ఒక్కసారిగా తెగుతుంది.
* అధిక భారం: నిర్ణీత బరువుకు మించి మనుషులను, సామాన్లను ఎక్కించడం, ఆ స్థితిలో స్పీడ్ బ్రేకర్లను, గుంతలను వేగంగా దాటడం.
* మార్పులు: కారును కిందికి దించడానికి స్ప్రింగు చుట్లను కోయించడం, ఎత్తు పెంచడానికి చుట్ల మధ్య రబ్బరు దిమ్మెలు బిగించడం. దిమ్మె బిగించిన చోట చుట్టు స్వేచ్ఛగా పనిచేయదు గనుక మిగిలిన చుట్లపై భారం పెరుగుతుంది.

శీతాకాలంలో మంచు కరగడానికి రోడ్లపై ఉప్పు చల్లే బ్రిటన్, ఉత్తర అమెరికా వంటి ప్రాంతాలలో ఈ లోపం తరచుగా కనిపిస్తుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాలలో ఉప్పుగాలి కూడా ఉక్కు తుప్పు పట్టడాన్ని త్వరితం చేస్తుంది. వర్షాకాలంలో నీటితో నిండిన గుంతల లోతు తెలియకపోవడం మరొక కారణం.

స్ప్రింగులు కొన్నిసార్లు కారు నిలిచి ఉన్నప్పుడు కూడా తెగుతాయి. పగులు చాలావరకు పూర్తయిన స్ప్రింగు కారు బరువు కిందనే నిశ్శబ్దమైన రాత్రివేళ పెద్ద చప్పుడుతో విరగవచ్చు. ఉదయం కారు తీసేవారికి అది ఒక వైపు ఒరిగి కనిపిస్తుంది.

## గుర్తించే లక్షణాలు

* గుంతలో పడిన వెంటనే లేదా మలుపులో "టంగ్" మని లోహపు చప్పుడు రావడం. తరువాత స్టీరింగు తిప్పినప్పుడల్లా చక్రం వద్ద టకటక శబ్దం వినిపించడం.
* సమతలంపై నిలిపినప్పుడు కారు ఒక మూల కిందికి దిగి ఉండడం. కుడి, ఎడమ చక్రాలపై ఉండే ఖాళీని వేళ్ళతో కొలిచి పోల్చితే ఈ తేడా తెలుస్తుంది.
* కారు ఒక పక్కకు లాగడం, బ్రేకు వేసినప్పుడు ముందుభాగం ఒక వైపు ఎక్కువగా వంగడం.
* టైరు లోపలి గోడపై కొత్తగా గీతలు, కోతలు కనిపించడం లేదా కాలిన రబ్బరు వాసన రావడం.
* రోడ్డుపై లేదా కారు నిలిపిన చోట వంపు తిరిగిన ఉక్కు ముక్క దొరకడం.

చిన్న ముక్క మాత్రమే విరిగినప్పుడు కారు ఎత్తులో తేడా అంతగా కనిపించదు. చుట్ట స్ప్రింగు గట్టిదనం పనిచేసే చుట్ల సంఖ్యకు విలోమానుపాతంలో ఉంటుంది. పనిచేసే చుట్లు ఆరు ఉన్న స్ప్రింగులో ఒక చుట్టు పోతే మిగిలిన అయిదు చుట్ల స్ప్రింగు 20 శాతం గట్టిపడుతుంది. అందువలన విరిగిన స్ప్రింగు మెత్తబడుతుందని, కారు ఊగుతుందని ఎదురుచూసేవారు పొరబడతారు. చోదకునికి కారు కొంచెం బిగుసుకున్నట్లు మాత్రమే అనిపించవచ్చు. ఎత్తులో తేడా లేకపోయినా, చప్పుడు వచ్చి ఉంటే స్ప్రింగును చూడవలసిందే.

## కలిగే ప్రమాదం

టైరు చీలడం: విరిగిన కడ్డీ కొన ఉలి వలె పదునుగా ఉంటుంది. పళ్ళెం నుండి జారిన స్ప్రింగు టైరు లోపలి గోడను తాకుతూ తిరిగే చక్రాన్ని ఒరుస్తుంది. టైరు పక్కగోడలో నేలను తాకే భాగంలో ఉన్నంత మందం ఉండదు. కనుక కోత లోతుగా పడితే గాలి ఒక్కసారిగా పోతుంది. వేగంగా పోతున్న కారులో ముందు టైరు ఇలా చీలితే స్టీరింగు అదుపు తప్పవచ్చు. కొన్ని కార్లలో ఈ ప్రమాదాన్ని తగ్గించడానికి స్ప్రింగు కింద రక్షణ పళ్ళెం అమరుస్తారు. అది ముప్పును తగ్గిస్తుందే గాని తొలగించదు.

ఇతర భాగాలకు దెబ్బ: చక్రం సమీపంలోనే బ్రేకు ద్రవం వెళ్ళే రబ్బరు గొట్టం, ఎ.బి.ఎస్. సెన్సారు తీగ, యాక్సిల్ రబ్బరు తొడుగు ఉంటాయి. వదులైన ఉక్కు ముక్క వీటిలో దేనినైనా తెంచవచ్చు. బ్రేకు గొట్టం తెగితే ఆ గొట్టం ఉన్న బ్రేకు వలయం పనిచేయదు.

అదుపు తగ్గడం: ఒక మూల కిందికి దిగడం వల్ల చక్రపు కోణాలు మారతాయి. స్ప్రింగు కదలడానికి చోటు లేక సస్పెన్షన్ రబ్బరు అడ్డుకు కొట్టుకుంటుంది. మలుపులో, హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు టైరుకు రోడ్డుపై పట్టు తగ్గుతుంది.

నిల్వ ఉన్న శక్తి: విరిగిన తరువాత కూడా స్ప్రింగు మిగిలిన భాగం ఒత్తిడిలోనే ఉంటుంది. ఉదాహరణకు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల గట్టిదనం గల స్ప్రింగు 150 మిల్లీమీటర్లు కుంచించుకొని ఉంటే దానిపై సుమారు 380 కిలోల బరువుకు సమానమైన బలం పనిచేస్తుంది. అందులో నిల్వ ఉన్న శక్తి 280 జౌళ్ళకు పైగా ఉంటుంది. ఇది 10 కిలోల రాయి దాదాపు రెండు మీటర్ల తొంభై సెంటీమీటర్ల ఎత్తు నుండి పడినప్పుడు వెలువడే శక్తికి సమానం. కాబట్టి చుట్ల మధ్య చేతివేళ్ళు పెట్టడం, ఇరుక్కున్న ముక్కను పీకడానికి ప్రయత్నించడం తీవ్రమైన గాయాలకు దారితీస్తుంది.

## తొలి చర్యలు

ప్రయాణంలో స్ప్రింగు విరిగిందని అనుమానం కలిగినప్పుడు వేగాన్ని క్రమంగా తగ్గించాలి. హఠాత్తుగా బ్రేకు వేయడం గాని, స్టీరింగును పూర్తిగా తిప్పడం గాని మంచిది కాదు. ప్రమాద సూచిక దీపాలు వెలిగించి, రోడ్డుకు ఎడమ అంచున, వీలైనంత సమతలంగా ఉన్న చోట కారును నిలపాలి. వంతెన, మలుపు, ఎత్తు దిగే చోటు వెనుక నుండి వచ్చేవారికి కనబడని స్థలాలు. అటువంటి చోట కారు ఆగినప్పుడు, టైరులో గాలి ఉండి చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంటే, నడక వేగంతో కొన్ని మీటర్లు ముందుకు తీసుకుపోవడం సమంజసం. అంతకు మించి నడపరాదు.

తరువాత కారులోని వారందరూ వాహనాలు పోయే వైపు కాక, ఎడమ వైపు తలుపుల గుండా దిగి, రక్షణ కంచె ఉంటే దాని వెలుపలికి వెళ్ళాలి. రాత్రివేళ కారు వెనుక నిలబడడం అన్నిటికంటె ప్రమాదకరం. వెనుక దీపాలను కప్పివేయడమే గాక, వెనుక నుండి వాహనం ఢీకొంటే తప్పించుకునే వీలుండదు.

ఎర్రని ప్రతిఫలన త్రికోణాన్ని కారుకు తగినంత దూరంలో పెట్టాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు 22 మీటర్లు పోతుంది. చోదకుడు గమనించి స్పందించడానికి రెండు సెకన్లు పట్టినా, పొడి రోడ్డుపై అది ఆగడానికి మొత్తం 85 మీటర్లు కావలసి వస్తుంది. 100 కిలోమీటర్ల వేగమైతే దాదాపు 120 మీటర్లు. కాబట్టి కారు వెనుక నాలుగడుగుల దూరంలో పెట్టిన త్రికోణం గాని, రాళ్ళు, చెట్ల కొమ్మలు గాని ప్రయోజనం లేనివి. పైగా ఆ రాళ్ళను తరువాత తీయకుండా వదిలివేయడం ద్విచక్ర వాహనదారులకు ప్రాణాంతకం. అతివేగ రహదారిపై త్రికోణం పెట్టడానికి నడిచి వెళ్ళడమే ప్రమాదమనిపిస్తే, కంచె వెలుపల ఉండి సహాయం కోరడం మేలు.

చూడడం వరకే చోదకుని పని. టార్చి లైటుతో చక్రం పైనుండి, పక్కనుండి చూసి ఏ చక్రం వద్ద విరిగింది, మొన టైరును తాకుతున్నదా, గాలి ఉన్నదా అన్నవి గమనించాలి. కారు కిందికి దూరరాదు.

### జాకీ ఎందుకు వాడరాదు

టైరు కూడా చీలిన సందర్భంలో చాలామంది జాకీ వేసి స్టెప్నీ మార్చుకొని సాగిపోవాలని చూస్తారు. జాకీతో కారును ఎత్తినప్పుడు చక్రం కిందికి వేలాడి, విరిగిన స్ప్రింగు పళ్ళెంలో వదులవుతుంది. తిరిగి దించినప్పుడు అది వేరొక స్థానంలో కూర్చొని టైరుకు మరింత దగ్గర కావచ్చు. టైరును చీల్చిన మొన అక్కడే ఉన్నందున స్టెప్నీకి కూడా అదే గతి పడుతుంది. రోడ్డు అంచున మెత్తని మట్టిలో జాకీ ఒరిగే ప్రమాదం కూడా ఉంది.

## సహాయం కోరడం

బీమా సంస్థలు, కారు తయారీదారులు, ఆటోమొబైల్ సంఘాలు దారిలో సహాయం అందించే పథకాలను నడుపుతున్నాయి. ఫోను చేసినప్పుడు "కారు పాడైంది" అని మాత్రమే చెబితే పంక్చరు వేసే మనిషి గాని, తాడుతో లాగే వాహనం గాని రావచ్చు. కింది వివరాలు స్పష్టంగా చెప్పడం వల్ల తగిన వాహనం మొదటిసారే వస్తుంది.

* రహదారి పేరు, ప్రయాణ దిశ, సమీపంలోని కిలోమీటరు రాయి అంకె లేదా టోల్ ప్లాజా.
* విరిగినది స్ప్రింగు అని, ఏ చక్రం వద్ద అని.
* చక్రం తిరుగుతున్నదా, టైరులో గాలి ఉన్నదా.
* కారు నమూనా, గేర్లు ఆటోమేటిక్కా కాదా, నాలుగు చక్రాలకూ చలనశక్తి అందే కారా, విద్యుత్ కారా.
* కారు ముందు భాగం నేలకు ఎంత దగ్గరగా ఉంది.
* కారులో ఉన్న మనుషుల సంఖ్య, వారిలో పసిపిల్లలు, వృద్ధులు ఉన్నారా.

భారత జాతీయ రహదారులపై సహాయానికి 1033, పోలీసు, వైద్య సహాయం వంటి అత్యవసరాలకు 112 అంకెలు ఉన్నాయి. చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారి 16, హైదరాబాదు, కర్నూలు మీదుగా పోయే 44, హైదరాబాదు - విజయవాడ మార్గమైన 65 వంటి రహదారులపై 1033కు ఫోను చేయవచ్చు. కారు ప్రమాదకరమైన చోట ఆగి ఉంటే బీమా సంస్థ వాహనం కోసం గంటల తరబడి ఎదురుచూడక, ముందుగా ఈ అంకెలకు తెలియజేసి కారును రోడ్డు నుండి తొలగించే ఏర్పాటు చూడాలి.

## తరలింపు పద్ధతులు

### ఫ్లాట్‌బెడ్

చదునైన వేదిక గల లారీని ఫ్లాట్‌బెడ్ అంటారు. వేదికను వెనుకకు వంచి, విద్యుత్ లేదా హైడ్రాలిక్ శక్తితో పనిచేసే విన్చి తీగతో కారును పైకి లాగుతారు. కారు చక్రాలు రోడ్డుపై తిరగవు గనుక విరిగిన మొన టైరును ఒరిసే అవకాశం ఉండదు. స్ప్రింగు విరిగిన కారుకు ఇదే తగిన పద్ధతి.

### రెండు చక్రాలను ఎత్తి లాగడం

నగరాలలో ట్రాఫిక్ పోలీసులు వాడే చాలా వాహనాలు ఈ రకానివి. ముందు లేదా వెనుక రెండు చక్రాలను ఇనుప ఊయలలో పట్టి ఎత్తి, మిగిలిన రెండింటిని రోడ్డుపై దొర్లిస్తారు. విరిగిన స్ప్రింగు ఎత్తిన చక్రాల వైపు ఉంటే తక్కువ దూరానికి ఇది పనికివస్తుంది. దొర్లే చక్రాల వైపు ఉంటే పనికిరాదు. నాలుగు చక్రాలకూ చలనశక్తి అందే కార్లకు, విద్యుత్ కార్లకు ఈ పద్ధతి వల్ల ఇతర భాగాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

### తాడు లేదా గొలుసుతో లాగడం

ఇది స్ప్రింగు విరిగిన కారుకు తగదు. నాలుగు చక్రాలూ రోడ్డుపైనే తిరుగుతాయి గనుక కారును సొంతంగా నడపడానికి, దీనికి తేడా లేదు. ఇంజను ఆపివేస్తే బ్రేకు, స్టీరింగు సహాయక శక్తులు కూడా లేక అదుపు మరింత తగ్గుతుంది.

### కొక్కెం క్రేనుతో ఎత్తడం

గొలుసును బంపరుకు గాని, సస్పెన్షన్ చేతులకు గాని తగిలించి ఎత్తడం వల్ల అప్పటికే దెబ్బతిన్న భాగాలపై కారు బరువంతా పడుతుంది. కారు కాలువలోనో, లోయలోనో పడినప్పుడు దానిని బయటికి తీయడానికి క్రేను అవసరమే గాని, దూర ప్రయాణానికి అది తగినది కాదు.

## వేదికపైకి ఎక్కించడం

ఫ్లాట్‌బెడ్ వచ్చినంత మాత్రాన కారు క్షేమంగా చేరినట్లు కాదు. ఎక్కించే సమయంలో జరిగే పొరపాట్ల వల్ల మంచి టైరు చీలడం, బంపరు విరగడం జరుగుతుంది.

1. లారీని కారుకు ఎదురుగా, ఒకే వరుసలో నిలుపుతారు. దీనివల్ల ఎక్కేటప్పుడు స్టీరింగు తిప్పే అవసరం ఉండదు. స్టీరింగు తిప్పితే స్ట్రట్టుతో పాటు స్ప్రింగు కూడా తిరిగి, విరిగిన కొన జారవచ్చు.
2. సాధారణంగా డిక్కీలో పనిముట్లతో ఉండే లాగుడు కొక్కేన్ని బంపరులోని రంధ్రంలో పూర్తిగా బిగిస్తారు. కొన్ని కార్లలో దీని మరలు ఎడమ వైపుకు తిప్పితే బిగుస్తాయి.
3. ఒరిగిన మూల బంపరు వేదిక అంచుకు తగలకుండా చక్రాల కింద చెక్క పలకలు వేసి వాలును తగ్గిస్తారు.
4. గేరును న్యూట్రల్‌లో ఉంచి, చేతి బ్రేకును వదిలి, విన్చితో మెల్లగా లాగుతారు. ఒక మనిషి పక్కనుండి విరిగిన చక్రాన్ని గమనిస్తూ, మొన టైరును తాకితే వెంటనే ఆపించాలి. తిరగని చక్రం కింద జారుడు పలకలు గాని, చిన్న చక్రాల బల్లలు గాని పెడతారు.
5. బిగించిన విన్చి తీగకు సమీపంలో, దాని వరుసలో ఎవరూ నిలబడరాదు. తెగిన తీగ కొరడా వలె వెనుకకు కొడుతుంది.
6. పైకి చేరిన తరువాత చేతి బ్రేకు వేసి, చక్రాలకు అడ్డుదిమ్మెలు పెట్టి, పట్టీలను టైర్ల మీదుగా వేసి వేదికకు బిగిస్తారు.

పట్టీలను టైర్లపై వేయడానికి కారణం ఉంది. బాడీకి గాని, సస్పెన్షన్‌కు గాని కొక్కెం తగిలించి కిందికి లాగితే స్ప్రింగులు మరింత కుంచించుకుంటాయి. దారిలో కుదుపు వచ్చినప్పుడు విరిగిన మూల ఇంకా దిగి, పట్టీ వదులవుతుంది. టైర్లపై బిగించినప్పుడు చక్రాలు కదలకుండా ఉంటాయి, బాడీ తన స్ప్రింగులపై స్వేచ్ఛగా ఊగుతుంది. కొన్ని కిలోమీటర్లు పోయిన తరువాత లారీని ఆపి పట్టీలను మరొకసారి సరిచూడడం మంచి అలవాటు.

వేదికపై ఉన్న కారులో ఎవరూ కూర్చొని ప్రయాణించరాదు. లారీ క్యాబినులో చోటు చాలకపోతే మిగిలినవారికి వేరే వాహనం ఏర్పాటు చేసుకోవాలి. ఎక్కించడానికి ముందు కారు నాలుగు వైపులా ఛాయాచిత్రాలు తీసుకోవడం, విలువైన వస్తువులను, పత్రాలను తీసుకోవడం వల్ల తరువాత వివాదాలు రావు.

## చట్టం, నియమాలు

భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 122వ సెక్షను, ఇతరులకు ప్రమాదం లేదా ఆటంకం కలిగించే స్థితిలో వాహనాన్ని బహిరంగ స్థలంలో వదిలివేయడాన్ని నిషేధిస్తుంది. 127వ సెక్షను ప్రకారం పది గంటలు లేదా అంతకు మించి దిక్కులేకుండా వదిలిన వాహనాన్ని పోలీసులు తొలగించవచ్చు. 52వ సెక్షను తయారీదారు నిర్దేశించిన లక్షణాలకు భిన్నంగా వాహనంలో మార్పులు చేయడాన్ని నియంత్రిస్తుంది. 1989 నాటి రహదారి నియమాలు, లాగే వాహనానికి లాగబడే వాహనానికి మధ్య దూరం 5 మీటర్లకు మించరాదని, వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటరాదని పేర్కొన్నాయి. వాటి స్థానంలో 2017లో కొత్త నియమాలు వచ్చాయి.

బీమా విషయంలో ఒక తేడా గమనించదగినది. ప్రమాదంలో దెబ్బతిన్న భాగాలకు సమగ్ర బీమా వర్తిస్తుంది. అరుగుదల వల్ల గాని, యాంత్రిక లోపం వల్ల గాని విరిగిన స్ప్రింగుకు సాధారణంగా వర్తించదు. దారి సహాయ పథకం విడిగా తీసుకున్నవారికి తరలింపు ఖర్చు కలిసివస్తుంది. ఎన్ని కిలోమీటర్ల వరకు ఉచితమో పథకాన్ని బట్టి మారుతుంది.

బ్రిటన్‌లో హైవే కోడ్, సాధారణ రోడ్లపై త్రికోణాన్ని కనీసం 45 మీటర్ల వెనుక పెట్టాలని, మోటారువేలపై మాత్రం ఎన్నడూ పెట్టరాదని చెబుతుంది. అక్కడి వార్షిక ఎం.ఒ.టి. పరీక్షలో విరిగిన స్ప్రింగు ఉన్న కారు ఉత్తీర్ణం కాదు. అమెరికాలోని యాభై రాష్ట్రాలలోనూ, రోడ్డు పక్కన ఆగిన అత్యవసర వాహనాలను దాటేటప్పుడు పక్క వరుసలోకి జరగాలని లేదా వేగం తగ్గించాలని చట్టాలు ఉన్నాయి. ఆ దేశాలలో కార్లు నడిపే తెలుగువారు ఈ భేదాలను తెలుసుకొని ఉండడం అవసరం. ముఖ్యంగా అమెరికాలో వాహనాలు కుడి వైపున నడుస్తాయి కనుక అక్కడ కుడి వైపు తలుపుల గుండా దిగాలి.

## మరమ్మతు

విరిగిన స్ప్రింగును వెల్డింగు చేసి వాడరాదు. వెల్డింగు వేడికి ఉక్కుకు ఉష్ణచర్యతో వచ్చిన గుణం పోయి, అతుకు పక్కనే తిరిగి విరుగుతుంది. స్ట్రట్టు నుండి స్ప్రింగును విడదీయడానికి ప్రత్యేకమైన బిగింపు పరికరం కావాలి. తాళ్ళతో, కమ్మీలతో బంధించి స్ట్రట్టు నట్టు విప్పే ప్రయత్నంలో స్ప్రింగు ఎగిరి మెకానిక్కుల ముఖానికి, చేతులకు తీవ్ర గాయాలయ్యే ప్రమాదం ఉంది.

స్ప్రింగులను ఒకే ఇరుసుపై జంటగా మార్చడం మంచిది. రెండవ వైపు స్ప్రింగు కూడా అంతే కాలం, అవే రోడ్లపై పనిచేసింది. పైగా పాత, కొత్త స్ప్రింగుల ఎత్తు, గట్టిదనం వేరుగా ఉంటే కారు ఒక వైపు లాగుతుంది. అదే సమయంలో షాక్ అబ్జార్బరు, పై బేరింగు, రబ్బరు అడ్డు, బ్రేకు గొట్టం, టైరు లోపలి గోడలను పరీక్షించి, చివరగా వీల్ అలైన్‌మెంటు సరిచేయించాలి. లోపలి గోడపై కోత పడిన టైరు గాలి నిలుపుతున్నా, దానిని మార్చడమే క్షేమం.

## నివారణ

* వర్షాకాలం ముగిసిన తరువాత, సముద్రతీరంలో ఉండేవారు మరింత తరచుగా, చక్రాల లోపలి భాగాన్ని నీటితో కడిగించి పళ్ళెంలోని మట్టిని తొలగించాలి.
* సర్వీసింగు సమయంలో కారును పైకి ఎత్తినప్పుడు స్ప్రింగుల కింది చుట్లను చూపించమని అడగాలి. పైపూత పెచ్చులూడి తుప్పు పొరలుగా లేచిన స్ప్రింగును విరగకముందే మార్చాలి.
* కారు పత్రాలలో సూచించిన బరువును మించరాదు. పైకప్పు మీది సామాను కూడా ఆ లెక్కలోనిదే.
* నీరు నిలిచిన గుంతలను, గుర్తులు లేని స్పీడ్ బ్రేకర్లను నెమ్మదిగా దాటాలి.
* త్రికోణం, టార్చి లైటు, లాగుడు కొక్కెం కారులో ఉన్నవో లేవో దూర ప్రయాణానికి ముందు చూసుకోవాలి.

## ఇవి కూడా చూడండి

* సస్పెన్షన్
* షాక్ అబ్జార్బరు
* హుక్ సూత్రం
* టైరు
* రహదారి భద్రత
* జాతీయ రహదారి 16